నడి సముద్రంల పెత్రామాస

ఓడ ఎక్కుడు నాకు ఇష్టం లేకుండె. ముందే చెప్తున్న, ఎందుకంటే మా అల్లుడు అందరితోటి "మా అత్తయ్యగారు ముచ్చటపడ్డారండి" అని చెప్పుకుంట తిరుగుతడు. నేను ముచ్చటపడలె. అల్లునికి లండన్ల రెండు నెలలు ఆఫీసు పని పడితే అందరం పోయినం, నేను, బిడ్డ, అల్లుడు, మనుమరాలు. ఆడికెల్లి న్యూయార్క్ దిక్కు అల్లుని అక్క ఇంటికి పోవాలె. ఆమె బిడ్డకు ఓణీల ఫంక్షన్. విమానమైతే ఒక పూట. కాని మా అల్లుడు కాకినాడ మనిషి. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి దూరంగ లంగరేసిన ఓడలను చూసుడే గాని ఒక్కటి కూడ ఎక్కలేదంట. ఓడ టికెట్లు కొన్నడు. ఏడు రాత్రుల ప్రయాణం.

"ఇది షికారు ఓడ కాదండి అత్తయ్యగారూ. సముద్రం దాటడానికే కట్టింది," అన్నడు.

"దాటకపోతే?" అన్న.

"అదేంటండి, అలా అంటారు."

నేను యాభై దాటినంక అక్షరాలు దిద్దిన మనిషిని. తిప్పి చెప్పుడు నాకు రాదు. మా ఇంట్ల ఓడ అన్న మాట ఎవరూ నోటికెల్లి తియ్యరు, ఆయనకు తెలుసు. తెలిసి కూడ కొన్నడు. పెద్ద కోరిక ఉన్నోనికి పక్కోని పుండు కనవడదు. ఆయన చెడ్డోడు కాదు.

నా ఎనక తమ్ముడొకడు పుట్టిండు. నాకంటే తొమ్మిదేండ్లు చిన్న. మాది కొండాపూర్ పక్కపొంటి ఊరు, ఇప్పుడు అద్దాల ఆఫీసులు లేసిన జాగల మేము మేకలు మేపినం. అమ్మ పొలాలల్ల కైకిలి పోతే తమ్ముడు నా సంకలనే పెరిగిండు. మీసాలు వచ్చీ రానప్పుడు ఒక మేస్త్రీ ఎంట బొంబాయి పోయిండు. ఆడ సరుకు ఓడల వంటింటి పనికి కుదిరిండు. రెండుసార్లు ఇంటికొచ్చి పోయిండు. మూడోసారి వాని పెట్టె ఒక్కటే వచ్చింది.

పెట్టె తెచ్చినాయన ఓడ కంపెనీ మనిషి. గడపల నిలబడి ఉర్దూల చెప్పిండు. రాత్రి తిని పండుకున్నడట, తెల్లారి చూస్తే జాగల లేడట. ఓడను మలిపి వెతికిండ్రట. పడంగ చూసినోడు ఒక్కడు లేడు. పీనుగు లేదు. అమ్మ అంత విన్నది. పెట్టె మీద చెయ్యి పెట్టి, "పెట్టె వచ్చింది గద, పెట్టె కోసం వాడూ వస్తడు," అన్నది. ఆమె ఏడ్వలె, మమ్మల్ని ఏడ్వనియ్యలె.

మా దిక్కు బతుకమ్మ మొదలయ్యే అమాసను పెత్రామాస అంటం. ఆ రోజు ఇంట్ల చచ్చిపోయిన పెద్దల పేర్లు చెప్పి మంత్రాలు చదివే అయ్యగారికి బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, కూరగాయలు ఇయ్యాలె. ఏడాదికి వాళ్లకు అందే బువ్వ అదే. అయ్యగారు ఒక్కొక్క పేరు అడిగి, ఆఖరికి "ఇంకెవరన్న ఉన్నరా అమ్మా" అంటడు. మా అమ్మ "అంతే" అనేది. ఊరందరికి తెలుసు అంతే కాదని. పన్నెండేండ్లు దాటినంక, గడ్డితోటి మనిషి బొమ్మ చేసి కాల్చి కర్మ చెయ్యొచ్చమ్మా అని అయ్యగారు ఒకసారి మెల్లగ చెప్పిండు. అమ్మ ఆయన ముందటి బియ్యం చాటను ఎనకకు గుంజుకున్నది. ఆ ఏడు మా తాతలు ముత్తాతలు కూడ ఉపాసమున్నరు.

పోయేముందు నా చెయ్యి పట్టుకొని ఆమె అడిగింది కూడ అదే. "వానికి బియ్యం ఇయ్యకు బిడ్డా. పెద్దల్ల కలిపితే వాడు ఇంటి తొవ్వ మర్చిపోతడు."

సరే అన్న. అన్నప్పుడు అది ఎంత బరువో తెలువలె. వాడు ఏడనో బతికి ఉండి నేను బియ్యమిస్తే నా చేతులతోని చంపినట్టు. వాడు చచ్చి ఉండి ఇయ్యకపోతే, వంటింట్ల పదిమందికి వండిపెట్టిన పోరడు నలభై ఏండ్ల సంది ఆకలితోటి తిరుగుతున్నట్టు. అమ్మకు ఒక్కటే భయముండె. నాకు రెండు.

అందుకే నేను మా జాగ ఇడిచిపెట్టలె. ఇల్లు పోయి అపార్ట్‌మెంట్ లేసింది, అండ్లనే మాకొక ఫ్లాట్ వచ్చింది. గచ్చిబౌలిల పెద్ద ఫ్లాట్ చూద్దామని అల్లుడు ఎన్నోసార్లు అన్నడు. నేను రానన్న. వాడు వస్తే ఏడికి వస్తడు? అమ్మ నిలబడి తొవ్వ చూసిన గుట్టను పేల్చి ఎనిమిది అంతస్తులు కట్టిండ్రు. బాయి లేదు, మా గోడ లేదు, ఊరి పేరు బస్సు మీద తప్ప ఏడ లేదు. వాడు దిగి ఎవర్ని అడుగుతడు? ఒకసారి కొత్తగూడ సిగ్నల్ కాడ ఆటోల ఉన్న. సంచి సంకల పెట్టుకొని ఒక ముసలాయన ఆఫీసు గేటు ముందట సెక్యూరిటీ అతన్ని ఊరు ఏడున్నదని అడుగుతున్నడు. "ఇదే ఊరు తాతా, నువ్వు నిలబడ్డదే ఊరు," అంటున్నడు అతను. నేను ఆటో దిగి రోడ్డుకు అడ్డం ఉరికిన. కార్లోళ్లు తిట్టిండ్రు. ముఖం చూసిన. మెదక్ దిక్కు మనిషి, బిడ్డ ఇంటికి వచ్చిండట. నేనే తీస్కపోయి ఇల్లు చూపించి వచ్చిన. ఆ రాత్రి బువ్వ తినలె.

ఓడ మా ఊరంత ఉన్నది, అబద్ధం చెప్పను. లిఫ్టులు, మెత్తటి జంపఖానాలు, అద్దాల అలమరల బొమ్మలు. లోపల ఉన్నంతసేపు హైటెక్ సిటీల ఏదో మాల్‌ల తిరిగినట్టే. తలుపు తీసి బయట అడుగుపెడితే నీళ్లు. నేను నీలం రంగు అనుకున్న. బూడిద రంగుండె. దానికి ఏడ కొస లేదు. ఇగో, వాన్ని మింగింది ఇదే అనుకున్న.

"ఇది వేరే సముద్రం అత్తయ్యగారూ. ఆయన పోయింది మన అరేబియా వైపు కదండీ," అన్నడు అల్లుడు. నా ముఖం చూసి చెప్పిండు పాపం.

"నీళ్ల నడుమ గోడలు కట్టిండ్రా?" అన్న.



పడమటికి పోతున్నమని దాదాపు రోజూ గడియారం ఒక గంట ఎనకకు తిప్పుకోమని చెప్తుండ్రి. మనుమరాలు నా చేతి గడియారం తీసుకొని తిప్పేది. నాకు అది మంచిగ అనిపియ్యలె. గిట్లనే తిప్పుకుంట తిప్పుకుంట పోతే వాడు బొంబాయి బండెక్కిన పొద్దుటికి పోతమా అనిపించేది. పోతే ఏం చేద్దును? పోకు అందునా? అప్పుడు వద్దనలె. ఇంట్ల తిండికి లేకుండె, వద్దని ఎట్లంటరు.

రెండో రోజుకెల్లి వాడు రెయిలింగ్ కాడ నిలబడుడు షురువైంది. చూసిన అని చెప్పను. చూస్తే చూసిన అనేదాన్ని. ఉన్నడు, అంతే. గళ్ల అంగీ, ఎడమ భుజం జర కిందికి. నీళ్ల దిక్కు ముఖం పెట్టి ఉండేటోడు, నాకు ఈపు ఒక్కటే. నేను దగ్గరికి పోయేదాన్ని కాదు. చలికి భయపడి కాదు. వాడు అట్లనే పోరనిగ ఉన్నడు, నేను ముసలిదాన్నయిన. ఇటు మర్లి నన్ను "అవ్వా" అని పిలుస్తడేమో అని.

ఒక పొద్దు పొగమంచు కమ్మింది. ఓడ కొస కూడ కనవడలె. కొద్దిసేపటికోసారి ఓడ కూత పెట్టుడు మొదలుపెట్టింది. లోపల గిలాసల నీళ్లు కూడ కదిలేటియి. వేరే ఓడలు గుద్దకుండ అని అల్లుడు చెప్పిండు. నాకు మాత్రం మనిషి కోసం పిలిచినట్టే ఉండె. పిలిచి, ఆగి, విని, మల్ల పిలిచినట్టు. అన్నం ముద్ద నోట్లెకు పోలె. బిడ్డ చూసింది.

"అమ్మా, మల్ల మామనేనా?"

నేను పల్లెం పక్కకు జరిపిన.

"ఎల్లుండి పెత్రామాస. ఇగ ఇచ్చెయ్యవే."

"మీ అమ్మమ్మకు మాటిచ్చిన."

"అమ్మమ్మ కూడ పెద్దల్ల కలిసింది. ఆమెకు ఇస్తున్నవు గద. కొడుకు ఏడున్నడో ఆమెకు ఇప్పుడు నీకన్న మంచిగ తెలుసు." చెంచా కింద పెట్టింది. "నా పెండ్లిల నన్ను గంపల కూసోపెట్టి ఎవరు మోసిండ్రు, చెప్పు."

ఎవరూ మొయ్యలె. పెండ్లిపిల్లను గంపల కూసోపెట్టి మేనమామ మండపంలకు తేవాలె. మా చిన్నాయన కొడుకులు ఇద్దరు పంచెలు కట్టుకొని తయారుగ నిలబడిండ్రు. మా అమ్మ ఒప్పుకోలె. మేనమామ ఉండంగ వేరేటోడు ఎట్ల మోస్తడు అన్నది. నేను అమ్మ దిక్కే ఉన్న. కాకినాడోళ్లు "మేనమామ ఏడండీ, ముహూర్తం దాటిపోతోందండీ" అని అడుగుడు, మేము నేల చూసుడు. బిడ్డ నడుసుకుంట పోయి పీటల మీద కూసున్నది. అక్షింతలు వేసినోళ్లు కొందరు గుసగుసలు పెట్టుకున్నరు. ఇన్నేండ్లల్ల బిడ్డ ఆ ముచ్చట ఒక్కసారి తియ్యలె. మర్చిపోయింది అనుకున్న.

"వాడు లేడని కాదు నా బాధ," అన్నది. "వాడు లేడని ఒప్పుకుంటే ఇంకొకలు నన్ను మోద్దురు గద."

అల్లుడు రొట్టెకు వెన్న రాసుకుంట కూసున్నడు. రాసిన దాని మీదనే మల్ల రాసిండు.

బియ్యం లండన్ల మనోళ్ల దుకాణంల కొన్న, మా అమ్మనాయినలకు ఇయ్యాలె అని. ఓడ మీదనే ఇచ్చుడు అయిపోవాలె, అమెరికాల బియ్యం దింపనియ్యరట. కూరగాయలు కావాలంటే మా గది సాఫ్ చేసే గోవా ఆయనను అడిగిన. యాభై దాటినోడు. నన్ను మాజీ, అంటే అమ్మా, అనేటోడు. నా హైదరాబాద్ హిందీ విని నవ్వేటోడు, కాని మాట్లాడిపిస్తుండె. వంటింట్లకెల్లి ఆయన ఒక ఆలుగడ్డ, రెండు క్యారెట్లు, కొన్ని బీన్స్ తెచ్చిచ్చిండు. గుమ్మడికాయ లేదు. క్యారెట్ తిన్న పెద్దలు మా వంశంల ఎవరూ లేరు. ఏం చేస్తం.

అయ్యగారు ఫోన్ల వచ్చిండు. ఓడల పొద్దున, కొండాపూర్ల సాయంత్రం. అప్పటి అయ్యగారి కొడుకు ఈయన. టీ తెచ్చే ట్రే మీద బియ్యం పోసి, సుట్టూ పప్పు, ఉప్పు, చింతపండు, ఆ క్యారెట్లు పెట్టిన. మనుమరాలు ఫోను పట్టుకున్నది.

"దర్భ ఉన్నదా అమ్మా?"

"లేదు అయ్యగారు."

"నువ్వులు?"

"ఉన్నయి."

"నీళ్లు?"

"నీళ్లకేం తక్కువ. కిటికీ దాంక ఉన్నయి."

ఆయన నవ్విండు. "కానియ్యమ్మా, ఇక్కడ పొద్దు గూకుతున్నది."

పేర్లు చెప్పిన. నాయిన, అమ్మ, తాత, నాయినమ్మ, అత్త, మామ, మా ఇంటాయన. ఒక్కొక్క పేరుకు నువ్వులు నీళ్లు ఇడిచిన. ఆఖరికి ఆయన, "ఇంకెవరన్న ఉన్నరా అమ్మా," అన్నడు. అన్నంక ఫోన్ల బొమ్మ ఆగిపోయింది. నోరు సగం తెరిచి, కనుబొమ్మలు లేపి, నన్నే చూసుకుంట.

"అమ్మమ్మా, నెట్ పోయింది," అన్నది మనుమరాలు.

"కారిడార్‌లోకి వెళ్దామండి, అక్కడ సిగ్నల్ ఉంటుందేమో," అన్నడు అల్లుడు.

"ఉండనియ్యి," అన్న.

ఆ ముఖం అట్లనే ఉన్నది. కదిలి మాట్లాడే మనిషైతే నేను తప్పించుకుందును. అంతే అని అందును, ఆయన సరే అనును. ఆగిన ముఖం సరే అనదు. బిడ్డ నా దిక్కు చూడలె, బీన్స్ సదురుతున్నది.

వాని పేరు చెప్పిన. గట్టిగనే చెప్పిన. నాయిన పేరు కలిపి, ఫలానోని కొడుకు అని. ఆ పేరు నా నోట్లె నాకే కొత్తగ ఉండె. నువ్వులు నీళ్లు ఇడిచిన.

అప్పుడు బొమ్మ కదిలింది. "...మంచిదమ్మా, లైన్ పోయింది. మంత్రం నేను ఇక్కడ చెప్పేసిన. అంతే గద," అన్నడు అయ్యగారు.

ఆయన విననే లేదు.

"మళ్లీ చెప్పండి అత్తయ్యగారూ, ఇప్పుడు లైన్ ఉంది," అన్నడు అల్లుడు.

నాకు రాలె. ఎంత తీసినా రాలె. ఒక్కసారికే ఉన్న సత్తువ అది. అంతే అయ్యగారూ అనే మాటే నాలిక కొసకు వచ్చింది, అమ్మ మాట. బిడ్డ ఫోను గుంజుకున్నది.

"అయ్యగారు, ఇంకొకలు ఉన్నరు. మా మేనమామ." పేరు చెప్పింది. దాని నోట్లె మేనమామ పేరు నేను ఎన్నడు వినలె.

"ఆ పేరు మా నాయిన అడిగి అడిగి పోయిండమ్మా," అన్నడు అయ్యగారు. ఇగ మంత్రం మొదలుపెట్టిండు. లైన్ మల్ల పోలె.

ఇచ్చిన బియ్యం ఇంకొక చేతిలకు పోవాలె, వండుకొని తినాలె, అప్పుడే అందినట్టు. ఓడల అయ్యగారు ఏడున్నడు. ఆకలైనోని చేతిల పెట్టుమని మా అయ్యగారే ఫోన్ల చెప్పిండు. గోవా ఆయన పక్క సదరడానికి వస్తే ట్రే ఆయన ముందట పెట్టిన. ఎవరి పేరు మీద మాజీ అని అడిగిండు. తమ్ముడు, ఓడల పనిచేసేటోడు, నీళ్లల్ల పోయిండు అన్న. గట్ల చెప్పుడు కూడ అదే మొదలు. ఆయన చేతి తొడుగులు తీసేసిండు. తీసేసి, రెండు చేతులతోటి పట్టుకున్నడు.

పగటీలి బయటికి పోయిన. మంచు పోయి ఎండ కొట్టింది. రెయిలింగ్ కాడ తెల్లోళ్లు ఇద్దరు కుర్చీలేసుకొని పుస్తకాలు చదువుతున్నరు. వాడు లేడు. ఇటు కొసకెల్లి అటు కొస దాంక తిరిగిన. ఎనక దిక్కు పోయిన, కింది అంతస్తు చూసిన. లేడు. బియ్యమిచ్చుడు మంచిగయిందని మావోళ్లందరన్నరు. నాకు మాత్రం సంకకెల్లి పోరన్ని దింపి ఏడనో మర్చిపోయినట్టు ఉండె. చేతులు ఊకనే కదులుతున్నయి. అమ్మ ఏమంటదో అని ఒక భయం. ఇగ ఆమె ఏమన్నా నాకు వినవడదని ఇంకో భయం. న్యూయార్క్ దాంక నేను బయటికి పోలె.

తెల్లారి గోవా ఆయన తువ్వాళ్లు పట్టుకొని వచ్చిండు.

"తిన్నం మాజీ. కింద మా వాళ్లందరం తలా ముద్ద తిన్నం. వంటాయన వండిండు."

"మంచిగుండెనా?"

"చాలా మంచిగుండె. చేపల పులుసు పోసుకొని తిన్నం."

చేపలు. మా తమ్మునికి చేప వాసనే పడకపోయేది. ఇంట్ల చేపలు వండిననాడు ముక్కు మూసుకొని బయట గోడ పొంటి కూసొని, ఉల్లిగడ్డ కొరుక్కుంట జొన్నరొట్టె తినేటోడు. "థూ, మీ నోర్లు" అని మమ్మల్ని తిట్టేటోడు. గసొంటోడు సముద్రం మీద కొలువుకు పోయిండు. నవ్వొచ్చింది నాకు. గోవా ఆయన పరేషాన్ అయిండు, తప్పు మాటన్నానా అని. బిడ్డ తల తుడుచుకుంట బాత్రూంలకెల్లి ఉరికొచ్చింది.

"ఏమైందే? ఎందుకు నవ్వుతున్నవు?"

ఊపిరి ఆడలె. బతికున్నడో లేడో తెలువని మనిషి మీద నవ్వరాదు. అందుకే మా ఇంట్ల వాని గురించి నవ్వే మాట ఒక్కటి లేకుండె. ఉన్నదంత ఓడ ముచ్చటే, పెట్టె ముచ్చటే. బిడ్డ నా పక్కన మంచం మీద కూసున్నది. తడి వెంట్రుకల నీళ్లు నా చెయ్యి మీద పడుతున్నయి.

"చెప్పు," అన్నది.

చేపల ముచ్చట చెప్పిన. అది కాంగనే, "ఇంకోటి చెప్పు," అన్నది.